తల్లి మనసు గెలిచిన కోచ్: ఫాగ్ అలెన్ జీవితం



ప్రతి నెలా ఈ పేజీలో ఒక జీవితాన్ని మీ ముందుంచుతున్నాం. ఈ నెల బాస్కెట్‌బాల్ కోచ్ ఫాగ్ అలెన్ గురించి తెలుసుకుందాం. ఆయన పేరు మన పిల్లల్లో చాలామంది విని ఉండరు. కాని బాస్కెట్‌బాల్‌కు కోచ్ అనే వృత్తి ఉండటానికి ముఖ్య కారకుల్లో ఆయన ఒకరు. గొప్ప గెలుపులతో పాటు ఒక చిక్కు ప్రశ్న కూడా ఆయన జీవితంలో ఉంది. ప్రతిభ ఉన్న పిల్లవాడి కోసం ఒక విద్యాసంస్థ ఎంతవరకు వెళ్లవచ్చు? అందుకే పిల్లలకన్నా ముందు పెద్దలు చదవదగిన జీవితం ఇది.

1955 నాటి సంగతి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక సాధారణ కుటుంబం. ఆ ఇంటి అబ్బాయి విల్ట్ చాంబర్లిన్ ఏడడుగుల పొడగరి, హైస్కూల్ చివరి ఏడాదిలో ఉన్నాడు. తమ బాస్కెట్‌బాల్ జట్టులో చేరమని రెండు వందలకు పైగా కాలేజీలు అతని వెంటపడ్డాయి. అలా వచ్చినవారిలో డెబ్బైకి దగ్గరపడిన ఫాగ్ అలెన్ ఒకరు. ఆయన అబ్బాయి కన్నా ముందు అతని తల్లి ఒలీవియా మనసు గెలుచుకున్నారని చెబుతారు. ఆ మే నెలలో విల్ట్ తన నిర్ణయం ప్రకటించాడు. ఇంటికి దగ్గరలోని కాలేజీలన్నీ కాదని, ఎక్కడో దూరాన ఉన్న కాన్సస్ యూనివర్సిటీని ఎంచుకున్నాడు.

ఇలా కాలేజీలు ఆటగాళ్లను వెతికి, ఇంటికి వెళ్లి, నచ్చజెప్పి చేర్చుకోవడాన్ని అక్కడ రిక్రూటింగ్ అంటారు. అమెరికాలో కాలేజీ ఆటలు పెద్ద వ్యవహారం. వేలమంది టికెట్లు కొని చూస్తారు. ఒక్క మంచి ఆటగాడు వస్తే ఆ కాలేజీ పేరు దేశమంతా మోగుతుంది. అందుకే ఈ పనికి నియమాలు అవసరమయ్యాయి. ఆ నియమాలు పుట్టడం, వీగిపోవడం, మళ్లీ పుట్టడం అన్నీ అలెన్ తన జీవితకాలంలోనే చూశారు.

గురువు ఒప్పుకోని ఉద్యోగం

ఫారెస్ట్ క్లేర్ అలెన్ 1885 నవంబరు 18న మిస్సోరీ రాష్ట్రంలోని జేమ్స్‌పోర్ట్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పెరిగింది అదే రాష్ట్రంలోని ఇండిపెండెన్స్‌లో. అన్నదమ్ములంతా ఆటల పిచ్చివాళ్లే. కుర్రతనంలో బేస్‌బాల్ ఆటలకు అంపైర్‌గా ఉండేవారు. పొగమంచులో ఓడలను హెచ్చరించడానికి మోగించే ఫాగ్‌హార్న్‌లా ఆయన గొంతు ఖంగుమనేది. అందుకే ఫాగ్ అన్న ముద్దుపేరు వచ్చింది, అసలు పేరు మరుగున పడింది.

బాస్కెట్‌బాల్ అప్పటికి కొత్త ఆట. 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు దాన్ని కనిపెట్టారు. చలికాలంలో బయట ఆడలేని విద్యార్థుల కోసం గోడకు రెండు పీచ్ పండ్ల బుట్టలు కట్టి, పదమూడు నియమాలు రాసి అంటించారు. 1898లో ఆయన కాన్సస్ యూనివర్సిటీకి వచ్చారు. అలెన్ అక్కడ ఆయన శిష్యుడై, జట్టులో ఆడారు.

దగ్గరలోని బేకర్ యూనివర్సిటీ వాళ్లు తమ జట్టుకు కోచ్‌గా రమ్మని అలెన్‌ను అడిగారు. ఈ మాట విని నైస్మిత్ ఆశ్చర్యపోయారు. బాస్కెట్‌బాల్ ఆడతారు గాని, దానికి కోచ్ ఏమిటని ఆయన అభిప్రాయం. ఆయన దృష్టిలో ఆట అంటే శరీరానికి బలం, మనసుకు క్రమశిక్షణ. గెలుపోటములు తరువాతి సంగతి. కాన్సస్ జట్టు ఆయన హయాంలో 55 ఆటలు గెలిచి 60 ఓడింది. ఆ ఆటను కనిపెట్టిన మనిషే ఆ యూనివర్సిటీ చరిత్రలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువ ఉన్న ఏకైక కోచ్.

శిష్యుడి దారి వేరు. ఎక్కడ నిలబడాలి, బంతి ఎప్పుడు వదలాలి, ఎదుటి జట్టును ఎలా చదవాలి అన్నవన్నీ నేర్పవచ్చని అలెన్ నమ్మారు. 1908-09లో ఒకేసారి కాన్సస్, బేకర్, హాస్కెల్ అనే మూడు విద్యాసంస్థల జట్లకు శిక్షణ ఇచ్చారు. తరువాత కొంతకాలం ఆట వదిలి, ఎముకలను కండరాలను చేత్తో సరిచేసే ఆస్టియోపతీ వైద్యం చదివారు. 1912 నుంచి 1919 వరకు మిస్సోరీలోని వారెన్స్‌బర్గ్ టీచర్ల కాలేజీలో పనిచేసి, 1919లో కాన్సస్‌కు తిరిగి వచ్చారు. అక్కడి నుంచి 1956 దాకా కదల్లేదు.

అభిప్రాయాలు వేరైనా గురుశిష్యుల మధ్య ఆప్యాయత తగ్గలేదు. 1927లో బంతిని నేలకు కొడుతూ ముందుకు వెళ్లే డ్రిబుల్‌ను దాదాపు లేకుండా చేసే నియమం వస్తుంటే, అలెన్ దేశంలోని కోచ్‌లను కూడగట్టి సంఘం పెట్టారు. దానికి ఆయనే తొలి అధ్యక్షుడు. ఆ నియమం వెనక్కి పోయింది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్‌కు చోటు దక్కడంలో ఆయన కృషి ఉంది. వృద్ధుడైన నైస్మిత్ తన ఆటను ఒలింపిక్స్‌లో కళ్లారా చూడాలని కోచ్‌ల సంఘం చందాలు పోగుచేసి ఆయన్ను అక్కడికి పంపింది. 1939లో నైస్మిత్ కన్నుమూశారు.

కాగితం మీద నియమం

అమెరికా కాలేజీ ఆటలను చూసే సంస్థ పేరు ఎన్‌సీఏఏ. అది 1906లో మొదలైంది. కాలేజీ ఆటగాడు ముందు విద్యార్థి, ఆట కోసం జీతం తీసుకోకూడదు అన్నది అప్పట్లో దాని మూల సూత్రం. సూత్రం బాగానే ఉంది. కాని 1929లో కార్నెగీ ఫౌండేషన్ వారు నూరుకు పైగా కాలేజీలను పరిశీలిస్తే, వాటిలో మూడొంతుల దాకా ఏదో ఒక రూపంలో ఆటగాళ్లకు డబ్బో, పేరుకు మాత్రమే ఉన్న ఉద్యోగమో ఇస్తున్నాయని బయటపడింది.

1948లో ఎన్‌సీఏఏ ఒక కట్టుదిట్టమైన నియమావళి తెచ్చింది. పేద విద్యార్థి అయితే ఫీజు మాఫీ చేయవచ్చు. కోచ్‌లు ఆటగాణ్ణి కలవవచ్చు గాని ఇంటికి వెళ్లి డబ్బు సాయం ఆశ చూపకూడదు. తప్పు చేసిన కాలేజీకి శిక్ష ఒక్కటే, సంస్థ నుంచి బహిష్కరణ. 1950లో ఏడు కాలేజీలు తప్పు చేశాయని ఓటింగ్ పెడితే, బహిష్కరించడానికి కావలసినన్ని ఓట్లు రాలేదు. మరుసటి ఏడాదే ఆ నియమావళి రద్దయింది. చిన్న తప్పుకీ పెద్ద తప్పుకీ ఒకే భారీ శిక్ష ఉంటే, ఆ శిక్ష వేయడానికి ఎవరికీ చేతులు రావు. ఇంట్లో పిల్లల విషయంలోనూ ఇది మనకు అనుభవమే. 1956లో ఆట ప్రతిభను బట్టి చదువు, భోజనం, వసతి ఖర్చులు కాలేజీ భరించవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. ఒప్పుకున్న హద్దు దాటి ఇస్తే తప్పే.

ఎవరూ వినని హెచ్చరిక

1944 శరదృతువులో అలెన్ పత్రికల ముందు ఒక మాట బయటపెట్టారు. జూదగాళ్లు కాలేజీ ఆటగాళ్లకు లంచాలిస్తున్నారని, పట్టించుకోకపోతే పెద్ద అపకీర్తి తప్పదని హెచ్చరించారు. కాలేజీ ఆటలన్నిటికీ పూర్తి అధికారాలున్న ఒక పర్యవేక్షకుడు కావాలని కోరారు. చాలామంది నవ్వి ఊరుకున్నారు. న్యూయార్క్‌లో పెద్ద ఆటలు నడిపేవారికి కోపం వచ్చింది. కుర్రాళ్లను అవమానిస్తున్నారని ఆయన మీదే నిందలు పడ్డాయి.

కొద్ది నెలలకే, 1945 జనవరిలో బ్రూక్లిన్ కాలేజీ ఆటగాళ్లు అయిదుగురు లంచం పుచ్చుకున్నట్టు ఒప్పుకున్నారు. వాళ్లలో ఒకడు అసలు ఆ కాలేజీలో చేరిన విద్యార్థే కాడు. 1951లో అంతకన్నా పెద్ద బాంబు పేలింది. ఏడు కాలేజీలకు చెందిన ముప్పై మందికి పైగా ఆటగాళ్లు ఈ వ్యవహారంలో చిక్కుకున్నారు. అంతకు ముందు ఏడాదే దేశంలోని రెండు పెద్ద టోర్నమెంట్లూ గెలిచిన న్యూయార్క్ సిటీ కాలేజీ కుర్రాళ్లు కూడా అందులో ఉన్నారు. కొందరిని ఆ కాలేజీలో చేర్చుకోవడానికి హైస్కూల్ మార్కుల రికార్డులే దిద్దారని విచారణలో తేలింది.

ఈ సంగతి కాస్త ఆగి ఆలోచించదగ్గది. మార్కులు దిద్ది సీటిచ్చిన రోజునే, నియమాలు నీకు వర్తించవని ఆ కుర్రాడికి పెద్దలు నేర్పేశారు. తరువాత జూదగాడు వచ్చి డబ్బు చూపిస్తే కాదనడం అతనికి ఎవరు నేర్పాలి?

అలెన్‌కు ఇందులో సొంత బాధ కూడా ఉండి ఉంటుంది. చిక్కుకున్న జట్లలో కెంటకీ ఒకటి. దాని కోచ్ అడాల్ఫ్ రప్ ఒకప్పుడు అలెన్ జట్టులో ఆడినవాడే. తన కుర్రాళ్ల జోలికి జూదగాళ్లు రాలేరని రప్ గట్టిగా నమ్మేవారు. ఆ నమ్మకం వమ్మయింది. కెంటకీ జట్టు 1952-53 సీజన్ మొత్తం ఆడకుండా కూర్చోవలసి వచ్చింది.

ఆశ పెట్టడంలో దిట్ట

ఇంత నీతి చెప్పిన అలెన్ ఆటగాళ్లను రప్పించడంలో మాత్రం ఎవరికీ తీసిపోలేదు. క్లైడ్ లవ్‌లెట్ అనే ఆరడుగుల తొమ్మిదంగుళాల కుర్రాడు ఇండియానా రాష్ట్రం వాడు. సొంత రాష్ట్రంలోని ఇండియానా యూనివర్సిటీలో చేరడం దాదాపు ఖాయమైంది. అలెన్ రంగంలోకి దిగారు. నువ్వు వస్తే దేశ చాంపియన్‌షిప్, ఆపైన ఒలింపిక్ పతకం అని ఆశ పెట్టారు. కుర్రాడికి ఆస్తమా ఉందని తెలిసి, తమ యూనివర్సిటీ ఉన్న కొండ మీది గాలి దానికి మంచిదని కూడా చెప్పారని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజానికి ఆ కొండ అంత ఎత్తయినదేమీ కాదు.

ఆయన మాట మాత్రం నిజమైంది. 1952లో కాన్సస్ జట్టు దేశ చాంపియన్ అయింది. ఫైనల్లో సెయింట్ జాన్స్ జట్టు మీద 80-63తో గెలిచింది. అందులో లవ్‌లెట్ ఒక్కడే 33 పాయింట్లు చేశాడు. అదే ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన అమెరికా జట్టులో ఏడుగురు కాన్సస్ కుర్రాళ్లే. అలెన్ సహాయ కోచ్.

ఒక కాలేజీకి మాట ఇచ్చిన కుర్రాణ్ణి ఇంకో కాలేజీ లాక్కోవచ్చా? ఆనాడు దాన్ని ఆపే పద్ధతి ఏదీ లేదు. 1964లో అంగీకార పత్రం పద్ధతి వచ్చింది. విద్యార్థి, అతని తల్లి లేదా తండ్రి సంతకం చేశాక మిగతా కాలేజీలు అతణ్ణి అడగకూడదన్నది అప్పటి నియమం. లవ్‌లెట్ నాటికి ఆ రక్షణ లేదు. అలెన్ ఏ నియమమూ దాటలేదు. అయినా ఇండియానా వాళ్లకు ఎలా ఉండి ఉంటుందో మనం ఊహించగలం.

విల్ట్ కోసం

1955 మార్చిలో కాన్సస్ యూనివర్సిటీ కొత్త ఇండోర్ స్టేడియం తెరిచింది. పదిహేడు వేల మంది పట్టే ఆ భవనానికి బతికుండగానే అలెన్ పేరు పెట్టారు. ఆ స్టేడియం నింపే ఆటగాడు ఎవరో ఆయనకు అప్పటికే తెలుసు.

విల్ట్ నల్లజాతి కుర్రాడు. అలెన్ జట్టులోకి మొదటి నల్లజాతి ఆటగాడు వచ్చి అప్పటికి కొన్నేళ్లే అయింది. విల్ట్‌ను ఒప్పించడానికి కాన్సస్ సిటీలోని నల్లజాతి పెద్దల సాయం కూడా తీసుకున్నారు. వాళ్ల ఆలోచన వేరే. ఇంత పేరున్న కుర్రాడు వస్తే అక్కడి వివక్ష కొంత తగ్గుతుందని వాళ్ల ఆశ. ఆ ప్రాంతంలో చాలా హోటళ్లు నల్లవారిని రానిచ్చేవి కావు. ఈ సంగతి విల్ట్‌కు పూర్తిగా తెలిసింది అక్కడికి వెళ్లాకే. అతను ఊరుకోలేదు. తనకు నచ్చిన హోటల్‌కు వెళ్లి కూర్చునేవాడు, వడ్డించేదాకా కదిలేవాడు కాదు. అలా కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. కాని పద్దెనిమిది ఏళ్ల కుర్రాణ్ణి పిలిచేటప్పుడు ఊరి గురించి ఇంత ముఖ్యమైన విషయం ముందే చెప్పవలసింది.

ఆనాటి నియమం ప్రకారం మొదటి ఏడాది విద్యార్థి ప్రధాన జట్టులో ఆడకూడదు. ముందు చదువులో కుదురుకోవాలన్నది దాని ఉద్దేశం. 1955 నవంబరులో మొదటి ఏడాది కుర్రాళ్లకూ అలెన్ ప్రధాన జట్టుకూ ఒక సరదా ఆట జరిగింది. విల్ట్ 42 పాయింట్లు చేశాడు. అలెన్ జట్టు 81-71తో ఓడింది. ఆ ఓటమికి బహుశా ఆయన లోలోపల సంతోషించి ఉంటారు.

అదే నెలలో ఆయనకు డెబ్బై ఏళ్లు నిండాయి. డెబ్బైకి పదవీ విరమణ అన్నది యూనివర్సిటీ నియమం. విల్ట్ ప్రధాన జట్టులోకి వచ్చేవరకు ఉండాలని అలెన్ కోరుకున్నారు. పాలకమండలి ఒప్పుకోలేదు. 1956లో ఆయన తప్పుకున్నారు. అంత కష్టపడి తెచ్చుకున్న ఆటగాడికి ఆయన ప్రధాన జట్టులో ఒక్క ఆటకు కూడా కోచ్ కాలేకపోయారు. ఆయన పేరున్న స్టేడియంలోనూ నియమం ఆయన కోసం వంగలేదు.

1957 ఫైనల్లో విల్ట్ ఉన్న కాన్సస్ జట్టు నార్త్ కరొలైనా చేతిలో 54-53తో, మూడుసార్లు అదనపు సమయం ఆడాక, ఒకే ఒక్క పాయింటుతో ఓడిపోయింది. 1958లో విల్ట్ చదువు పూర్తి కాకుండానే కాలేజీ వదిలి వృత్తి ఆటగాడయ్యాడు.

లెక్క తరువాత వచ్చింది

1960లో ఎన్‌సీఏఏ విచారణ ముగిసింది. విల్ట్ చదివే రోజుల్లో అతనికి కారు సమకూరడంలో జట్టు అభిమానుల హస్తం ఉందని, అది నియమాలకు విరుద్ధమని తేల్చి కాన్సస్ జట్టుకు శిక్ష వేసింది. చాలా ఏళ్ల తరువాత విల్ట్ కూడా తనకు అభిమానుల నుంచి డబ్బు అందిందని చెప్పాడు. ఆ డబ్బు అలెన్ చేతుల మీదుగా వెళ్లిందని ఎవరూ తేల్చలేదు. కోచ్ దగ్గర ఏ తప్పూ దొరకకుండా, ఊళ్లో ధనవంతులు ఆ పని చేసిపెట్టడం అమెరికా కాలేజీ ఆటల్లో పాత అలవాటు.

శిక్ష పడేనాటికి విల్ట్ అక్కడ లేడు. అలెన్ కూడా లేరు. పెద్ద టోర్నమెంట్లకు దూరమై నష్టపోయింది ఆ తరువాత చేరిన కుర్రాళ్లు. వాళ్లకు ఆ కారుతో ఏ సంబంధమూ లేదు. పెద్దలు నియమం తప్పితే, దాని అప్పు తరచుగా ఇంకెవరి పిల్లలో తీరుస్తారు.

విల్ట్ వైపు నుంచి ఒక న్యాయమైన ప్రశ్న కూడా ఉంది. అతని ఆట చూడటానికి వేలమంది టికెట్లు కొన్నారు. ఆ డబ్బులో అతనికి చదువు, భోజనం, వసతి తప్ప మరేమీ రాకూడదనడం సబబేనా? అమెరికాలో ఈ వాదన దశాబ్దాలు నడిచింది. 2021లో కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల ద్వారా సంపాదించుకోవడానికి ఎన్‌సీఏఏ అనుమతించింది. 2025లో ఒక కోర్టు ఒప్పందంతో కాలేజీలే నేరుగా వాళ్లకు డబ్బు చెల్లించే వీలు కలిగింది. నాడు శిక్ష పడిన పని నేడు బాహాటంగా జరుగుతోంది. అయితే ఒకటి మారలేదు. చాటున ఇచ్చింది విద్యార్థిని ఇచ్చినవాడికి లోకువ చేస్తుంది. బహిరంగంగా, రాతపూర్వకంగా ఇచ్చింది అతని హక్కు అవుతుంది.

అలెన్ చివరి ఏళ్లు లారెన్స్ పట్టణంలోనే గడిపారు. ఆస్టియోపతీ వైద్యం చేస్తూ, నొప్పులతో వచ్చిన ఆటగాళ్లను చూసేవారు. ఆయన కోచ్‌గా గెలిచిన ఆటలు మొత్తం 746. ఆయన విరమించే నాటికి అన్ని గెలుపులు మరే కాలేజీ కోచ్‌కూ లేవు. ఆ రికార్డును తరువాత దాటింది ఆయన శిష్యుడు రప్. రప్ రికార్డును 1997లో దాటిన డీన్ స్మిత్ కూడా 1952 కాన్సస్ జట్టులో ఆడిన అలెన్ శిష్యుడే. 1974 సెప్టెంబరు 16న తన 88వ ఏట అలెన్ కన్నుమూశారు.

ఆయన్ను పూర్తిగా మెచ్చుకోవాలా, తప్పుపట్టాలా? రెండూ అవసరం లేదనిపిస్తుంది. జూదం గురించి ధైర్యంగా మాట్లాడిన మనిషి, గెలవాలన్న తపనలో ఆశలు పెట్టి పిల్లలను రప్పించిన మనిషి ఒక్కరే. మంచివాళ్లకు కూడా నియమాలు ఎందుకు కావాలో ఆయన జీవితమే చెబుతుంది.

మన విషయానికొస్తే, ఏప్రిల్, మే నెలల్లో మీ ఫోన్లకూ పిలుపులు వస్తాయి. మార్కుల కోసమో, ఆట కోసమో ఫీజు రాయితీ, ఉచిత హాస్టల్ అంటూ మాటలు వినిపిస్తాయి. వచ్చింది ఎవరైనా సరే, మాతో సహా, కొన్ని ప్రశ్నలు అడగండి. ఇస్తామన్నది కాగితం మీద రాసిస్తారా? పిల్లవాడికి గాయమైతే, లేదా ర్యాంకు తగ్గితే ఆ రాయితీ ఉంటుందా? ఈ ఇచ్చే సాయం గురించి నలుగురిలో చెప్పుకోవడానికి వాళ్లకు అభ్యంతరం ఉందా? మూడో ప్రశ్నకు అభ్యంతరం ఉందన్న జవాబు వస్తే, అక్కడితో ఆగిపోవడం మంచిది.

ఈ నెల ఇంట్లో పిల్లలతో మాట్లాడండి

1. ఒక స్కూల్ జట్టుకు ఆడతానని మాట ఇచ్చాక, ఇంకా పెద్ద స్కూల్ పిలిస్తే నువ్వేం చేస్తావు?

2. విల్ట్‌కు కారు వచ్చిందని శిక్ష పడింది అతను వెళ్లిపోయాక చేరిన కుర్రాళ్లకు. అది న్యాయమేనా? నువ్వైతే ఎవరికి, ఎలాంటి శిక్ష వేసేవాడివి, లేదా వేసేదానివి?

3. అలెన్ మరో ఏడాది కోచ్‌గా ఉండటానికి యూనివర్సిటీ ఒప్పుకొని ఉంటే బాగుండేదా? ఎందుకు?